పెద్దల మందుల డబ్బా
(ఒక పట్టణ పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



పూర్వము మన యిండ్లలో పెద్దల పడకకుర్చీ ప్రక్క తాంబూలపు పెట్టె యుండెడిది. నేడా స్థానమును పాత బిస్కత్తు డబ్బా యొకటి యాక్రమించినది. మూత తీసి చూడుడు. రక్తపుపోటు మాత్రలు, చక్కెరవ్యాధి మాత్రలు, గుండెకు, కీళ్లకు, నిద్రకు, అజీర్తికి వేర్వేరు బిళ్లలు. రెండేండ్ల క్రిందట చూచిన వైద్యుడు వ్రాసినవి, పోయిన వారము చూచిన వైద్యుడు వ్రాసినవి ఒకే రబ్బరు చుట్టులో నుండును. కత్తెరతో సగము కోసి యిచ్చిన స్ట్రిప్పులలో కొన్నింటికి పేరు తెగిపోయినది, కొన్నింటికి గడువు తేది తెగిపోయినది. "ఇది దేనికండీ?" యని యడిగినచో పెద్దాయన, "తెల్లది ప్రొద్దున, పచ్చది రాత్రి. పేర్లెవరికి జ్ఞాపకము నాయనా!" యని నవ్వును. ఆ డబ్బాను గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

వైద్యులు కాని మీకు ఈ ప్రసంగ మేల యని కొందరడుగవచ్చును. మందు వ్రాయుట వైద్యుని పనియే. దానిలో మేము వ్రేలు పెట్టము. కాని ఆ మందు ఇల్లు చేరిన పిదప ఏయే మందులతో గలిసినది, ఎన్నినెలలు సాగినది, ఎవరు చూచి యిచ్చుచున్నారు, దానిపై నే భాషలో నేమి వ్రాసియున్నది యనునవి గృహస్థులు, పౌరులు, ప్రభుత్వము ఆలోచింపవలసిన సంగతులు. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశమున అఱువదేండ్లు దాటినవారు 10 కోట్ల 38 లక్షలు. ఇంతమంది క్షేమమునకు సంబంధించిన విషయము ఆసుపత్రి గదికే పరిమితము కాదు.

మొదటనే యొక మాట. "ముసలితనమున మందేల? మందులన్నియు విషములే" యని పలుకువారితో మేము చేరము. 2008లో వెల్లడియైన యొక పరీక్షలో, ఎనుబదేండ్లు పైబడి రక్తపుపోటు గల 3,845 మందిని రెండు పక్షములుగ విభజించి, ఒక పక్షమునకు పోటు తగ్గించు మందును, రెండవ పక్షమునకు మందులేని బిళ్లను ఇచ్చి చూచిరి. మందు వాడిన పక్షమున మరణములు నూటికి 21 వంతులు, గుండె నీరసించుట నూటికి 64 వంతులు తగ్గెను. మేలింత స్పష్టముగ గన్పట్టుటచే పరీక్షను గడువునకు ముందే యాపివేసిరి. కనుక ఎనుబదేండ్ల వారికిని మంచిమందు మంచి చేయును. మా ఫిర్యాదు మందుమీద కాదు. ముప్పదేండ్ల వానికి సరిపడు లెక్కనే యెనుబదేండ్ల వానికిని వేయుట మీదను, వేసినదానిని మరల తిరిగి చూడకపోవుట మీదను.

వృద్ధుడనగా తల నెరసిన యువకుడు కాడు. దేహము లోపల నున్న యంత్రమే మాఱిపోవును. ఇది యెట్లో కొంచెము వివరముగ చెప్పెదము. ఈ యొక్క సంగతి మనసున బట్టినచో తక్కినదంతయు సులభముగ బోధపడును.

మనము మ్రింగిన మందులో అనేకములు తుదకు మూత్రపిండముల ద్వారముననే బయటికి పోవలెను. నలువది యేండ్లు దాటిన పిదప ఈ పిండముల వడపోత శక్తి చాలమందిలో ఏటేట కొంత తగ్గుచు వచ్చును. తగ్గినట్లు మనిషికి తెలియదు, నొప్పియుండదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ అను పదార్థమును కొలిచి, "1.0 ఉన్నది, బాగున్నది" యందురు. ఇచ్చటనే మోసము. క్రియాటినిన్ కండరముల నుండి పుట్టునది. ముసలివారికి కండ తక్కువ, కాన పుట్టుట తక్కువ. పుట్టుటయే తగ్గినపుడు, పోవుట తగ్గినను అంకె మామూలుగనే కన్పించును. దీనిని సరిదిద్దుటకు 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అను నిద్దరొక సూత్రమును ప్రకటించిరి. అది బడిపిల్లవాడు చేయదగిన లెక్క. 140లో నుండి వయస్సును తీసివేసి, శరీరపు బరువుతో హెచ్చించి, 72చేతను క్రియాటినిన్ అంకెచేతను భాగింపవలెను. స్త్రీలకైనచో వచ్చినదానిని 0.85తో హెచ్చింపవలెను.

ఒక యింట మనుమడు, అమ్మమ్మ ఉన్నారనుకొందము. ఇద్దరి క్రియాటినిన్ 1.0 యే. మనుమనికి ముప్పదేండ్లు, బరువు 72 కిలోలు. లెక్కవేసినచో నిమిషమునకు 110 మిల్లీలీటర్లు వచ్చును. అమ్మమ్మకు ఎనుబదేండ్లు, బరువు 48 కిలోలు. ఆమెకు వచ్చునది 34! కాగితముపై ఇద్దరి అంకె యొక్కటే. లోపలి వడపోత మాత్రము మూడవ వంతుకు లోపు. మనుమనికి సరిపడిన మోతాదే అమ్మమ్మకు నిచ్చినచో నిన్నటి మందు పూర్తిగ పోకమునుపే నేటి మందు వచ్చి చేరును, దానిపై రేపటిది. గుండెకిచ్చు డిగాక్సిన్ వంటి మందులు ఇట్లు పేరుకొని, వాంతులు, తికమక, గుండెలయ తప్పుట కలిగించును. చక్కెరవ్యాధికి ప్రసిద్ధమైన మెట్‌ఫార్మిన్‌ను సయితము వడపోత 30 కంటె తగ్గినపుడు వాడరాదు. మీ యింటి పెద్దల రక్తపరీక్ష కాగితము తెచ్చుకొని యీ లెక్క వేసి చూడుడు. వైద్యునితో వాదించుటకు గాదు, "అయ్యా, మా యమ్మకు మోతాదు వయసునుబట్టి సరిచూచితిరా?" యని యొక్క ప్రశ్న వేయుటకు.

రెండవ మార్పు కొవ్వును గూర్చినది. వయసుతో శరీరమున నీరును కండయు తగ్గి, కొవ్వు పాలు పెరుగును. సన్ననివారిలోను ఇంతే. కొవ్వులో కరగు మందులు అచ్చట దాగికొని మెల్లమెల్లగ వెలువడును. నిద్రకు, ఆందోళనకు వాడు డైజిపామ్ దీనికి మంచి యుదాహరణము. రక్తములో దాని పరిమాణము సగమగుటకు ఇరువదేండ్ల వానిలో సుమారు 20 గంటలు పట్టగా, ఎనుబదేండ్ల వానిలో సుమారు 90 గంటలు పట్టునని 1975లోనే తేలినది. అనగా సోమవారము రాత్రి మ్రింగిన మాత్ర శుక్రవారమునాటికి సగమైన తరుగదు. ఈలోపల మంగళ, బుధ, గురువారముల మాత్రలును వచ్చి చేరును. ఇంటివారు "తాతగారికి మతి తప్పుచున్నది, వయసు కదా" యని సరిపెట్టుకొందురు. తెల్లవాఱుజామున దొడ్డికి పోవుచు గడపతట్టి పడినచో "కాలము" అందురు. తుంటియెముక విఱిగినపిదప మరల లేచి నడువనివారెందరో మీరెఱుగుదురు. అది కాలమో, మాత్రయో విచారించినవా రెవరు?

మెదడును, నాడులును వయసుతో మందుకు మఱింత లోబడును. జలుబు మాత్రలలో సామాన్యముగ నుండు క్లోర్‌ఫెనిరమిన్ చిన్నవానికి కొంచెము మత్తు కలిగించి యూరకుండును. అదే డెబ్బదేండ్ల వానికి మలబద్ధము, నోరెండుట, తికమక తెచ్చును. మూత్రగ్రంథి పెరిగిన పురుషునికి మూత్రమే బిగించివేయవచ్చును. జలుబు మాత్రకు వైద్యుడేల యని మనమనుకొనెదము!

ఈ సంగతులు వైద్యలోకమునకు నెమ్మదిగ, కొన్నిచోట్ల ప్రాణముల వెల చెల్లించిన పిదప తెలిసినవి. బెనాక్సప్రొఫెన్ అను కీళ్లనొప్పుల మందును 1980లో ఇంగ్లండున విక్రయమునకు తెచ్చిరి. కీళ్లనొప్పులు ముఖ్యముగ వృద్ధుల జబ్బు, వాడినవారును వృద్ధులే యధికము. కాని ఆ మందు యౌవనస్థుల దేహముకంటె వృద్ధుల దేహమున బహుకాలము నిలిచియుండునను విషయము విక్రయము సాగిన తరువాత గాని బయలుపడలేదు. కామెర్లతోను, మూత్రపిండములు చెడియు వృద్ధులు మరణించినట్లు వార్తలు వచ్చెను. 1982 ఆగస్టులో లైసెన్సు నిలిపివేయునాటికి ఆ దేశపు ఔషధ భద్రతా సంఘమునకు 61 మరణములు నివేదింపబడినవి. మందును వాడబోవు వారెవరో వారిపై సరిగ పరీక్షింపక అంగడికి పంపుట యెట్టిదో లోకమునకు దీనిచే తెలిసినది. వృద్ధులపైనను పరీక్ష జరుగవలెనని దేశదేశముల ఔషధాధికారులు కలిసి మార్గదర్శకములు వ్రాసికొన్నది 1993లో. నేటికిని పరీక్షలలో బహురోగములు గల డెబ్బది, ఎనుబది యేండ్లవారు స్వల్పసంఖ్యలోనే యుందురు. ఒక్క రోగము మాత్రమే గల గట్టి మనుష్యుని వెదకి పరీక్షించుట సులభము. మన పెద్దలకో, ఒక్క రోగముతో ఆగునా?

1991లో అమెరికాలో మార్క్ బీర్స్ అను వైద్యుడును, ఆయన సహచరులును వృద్ధులకు సాధారణముగ తగని మందుల పట్టిక నొకటి తయారుచేసిరి. అది పలుమార్లు సవరింపబడి 2023లోను క్రొత్తగ వెలువడినది. ఐర్లండువారు 2008లో మఱియొక పట్టిక వేసిరి. చక్కెరవ్యాధికి వాడు గ్లైబెన్‌క్లమైడ్ అరువదేండ్లు దాటినవారికి తగదని ప్రపంచారోగ్యసంస్థ తన అత్యవసర ఔషధముల పట్టికలోనే వ్రాసినది. ఆ మందు పని గంటలతో ముగియదు. పెద్దలు ఒకపూట సరిగ తినకపోయినచో, లేక ఏకాదశి యుపవాసమున్నచో, చక్కెర పడిపోవును. చిన్నవానికి చెమట, గుండెదడ మున్ముందుగ హెచ్చరికచేయును. పెద్దలకా హెచ్చరిక మందగించి, నేరుగ మాటతడబాటు, మగతయే కన్పించును. ఇంటివారు పక్షవాతమని భయపడుదురు. గ్లూకోజు ఎక్కింపగనే లేచి కూర్చున్నవారి నెందరినో చూచితిమని వైద్యులు చెప్పుదురు.

ఇంతవఱకు ఒక్కొక్క మందు సంగతి. అసలు చిక్కు మందు మందును పిలిచికొని వచ్చుటలో నున్నది.

మేమెఱిగిన విశ్రాంత ఉపాధ్యాయులొకరు మన పఠనమందిరపు పుస్తకముల జాబితాను ఎన్నో యేండ్లు వ్రాసిరి. ముత్యములవంటి దస్తూరి. వారికి రక్తపుపోటునకు ఆమ్లోడిపిన్ ఇచ్చిరి. పోటు తగ్గినది, మంచిదే. కొన్నాళ్లకు పాదములు వాచెను. ఆ వాపు ఆ మందువలన రక్తనాళములు సడలుటచే వచ్చునది, ఒంట నీరెక్కువై వచ్చునది కాదు. కాని వేఱొక వైద్యుడు వాపును జూచి మూత్రము ఎక్కువగ పోవు మాత్ర వ్రాసెను. ఆ మాత్రచే లేచినపుడెల్ల తల తిరుగసాగెను. తలతిరుగుడని మఱియొకచోట చెప్పగా సిన్నరిజిన్ వ్రాసిరి. అది కొన్ని దినములకు వ్రాసినదే. కాని దుకాణములో పాత స్ట్రిప్పు చూపి కొనుచు ఏడాదిన్నర వాడిరి. చేయి వణకెను, నడక చిన్న చిన్న యడుగులైనది, ముఖమున నవ్వు మాయమైనది. వణుకుడు జబ్బని నాలుగవ వైద్యుడు దానికిని మందు ప్రారంభించెను.

మన జాబితా పుస్తకము ఇచ్చటనే యున్నది, కావలసినవారు చూడవచ్చును. ఆ సంవత్సరపు పుటలలో అక్షరములు పంక్తి పంక్తికిని చిన్నవై, కడపట చీమలబారువలె నున్నవి. అది వణుకుడు జబ్బు లక్షణములలో నొకటియని మాకప్పుడు తెలియదు. కన్నుచూపు తగ్గినదనుకొంటిమి.

అయిదవ వైద్యురాలు, వయసున చిన్నది, "తాతగారూ, చీటీలు వద్దు, ఇంట నున్న మందులన్నియు సంచిలో వేసికొని రండి" యనెను. బల్లపై పదునొకండు రకములు పోసిరి. ఆమె ఒక్కొక్కటిగ వరుస కట్టి, దేనికేది పుట్టినదో వెనుకకు నడిచి చూచెను. సిన్నరిజిన్ వణుకును కలిగింపగలదు, వయస్సు మీఱినవారిలో మఱియు నెక్కువ. దానిని మాన్పి, ఆమ్లోడిపిన్‌కు బదులు వేఱొకటి యిచ్చి, మూత్రపు మాత్రను తీసివేసెను. వణుకు తగ్గుటకు నెలలు పట్టినది. పదునొకండు రకములు నాలుగైనవి. జాబితాలో తరువాతి సంవత్సరపు అక్షరములు మునుపటంత గుండ్రముగ లేవు గాని, చదువుటకు కండ్లద్దములు అక్కఱలేదు. ఆ నలుగురు వైద్యులలో ఎవరును దుష్టులు కారు. ఎవరెదుటి రోగమును వారు చూచిరి. మనిషిని మొత్తముగ చూచినవారు లేకపోయిరి, అంతే.

ఇక నొప్పి మాత్రల సంగతి. మన ప్రాంతములలో మోకాళ్లనొప్పి లేని ముదుసలి యరుదు. డైక్లోఫెనాక్ వంటి మాత్ర యొకటి దుకాణములో అడిగినంతనే దొరకును. నొప్పి నిజముగ తగ్గును, అందుచేతనే దానిపై నమ్మకము. కాని అది కడుపులోని పొరను గాయపఱచి రక్తము కార్పించును, రక్తపుపోటును పెంచును, మూత్రపిండమునకు చేరు రక్తమును తగ్గించును. పోటునకు వాడు కొన్ని మాత్రలు, మూత్రము పోవు మాత్ర, ఈ నొప్పిమాత్ర, మూడును ఒక్కయింట చేరినచో, అందును ఎండలలో నీరు చాలక యున్నపుడు, మూత్రపిండములు హఠాత్తుగ కుదేలగుట వైద్యులెఱిగిన సంగతియే. వైద్యుని చీటి లేక అమ్మరాదని స్ట్రిప్పుమీదనే అచ్చువేసియుండును. 1930-31లో చోప్రా గారి విచారణ సంఘము మన దేశపు మందుల అంగడి దుస్థితిని వెల్లడింపగా 1940లో చట్టము పుట్టినది. చట్టము పుట్టి యెనుబదేండ్లు దాటినను, దుకాణపు బల్లదగ్గఱ చీటికి బదులు పాత స్ట్రిప్పు ముక్కయే చెల్లుచున్నది. దుకాణదారుని మాత్రమే తిట్టుట న్యాయము కాదు. నూఱు రూపాయల మాత్రకై పట్టణమునకు ఒకదినపు కూలి పోగొట్టుకొని, బస్సెక్కి, వైద్యుని రుసుము చెల్లించి రాలేనివాడు మఱేమి చేయును?

ఆస్పిరిన్ విషయమున మాత్రము చదువుకొన్నవారే తప్పుచేయుచున్నారు. గుండెకు మంచిదని విని, ఏ జబ్బును లేకున్నను దినమున కొకటి వేసికొనువారు ఈ సభలోనే యుందురు. ఆస్ట్రేలియా, అమెరికా దేశములలో 19,114 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులపై జరిగి 2018లో వెలువడిన పరీక్షలో అట్టి ఆస్పిరిన్ వారి ఆరోగ్యవంతమైన ఆయువును పెంచలేదు, పెద్ద రక్తస్రావములు మాత్రము పెరిగినవి. ఇదివఱకే గుండెపోటో, పక్షవాతమో వచ్చినవారి సంగతి వేఱు. వారికది రక్ష. వారు మా మాట విని మానరాదు.

మన దేశీయ వైద్యమున నిట్టి బాధలుండవని మురియువారికిని ఒకమాట. అతిమధురము దగ్గునకు మంచిదని కషాయములు నెలల తరబడి త్రాగువారున్నారు. మితిమీఱిన అతిమధురము రక్తపుపోటును పెంచును, దేహములోని పొటాషియమును తగ్గించును. మూత్రపు మాత్రతో గూడినచో మఱింత. మూలికయైనంత మాత్రమున మందు మందు కాకపోదు. దుకాణములలో దొరకు పేరులేని కీళ్లనొప్పుల పొడులలో స్టెరాయిడ్లు కలిపిన సందర్భములును బయటపడినవి. నిజమునకు మన ప్రాచీనులు ఈ విషయమున జాగరూకులు. రోగి వయస్సును, బలమును పరీక్షించి మందు నిర్ణయింపవలెనని చరకుడు చెప్పెను. బాలులకును వృద్ధులకును తీవ్రచికిత్సలు కూడవనియు, మృదువుగ మెల్లగ చేయవలెననియు సుశ్రుత సంహిత సూత్రస్థానమున నున్నది. ఆ గ్రంథముల పేరు చెప్పి పొడులు విక్రయించువారు ఆ మాటను మాత్రము విడిచివేసిరి.

ఇప్పుడు మాకు మిక్కిలి బాధ కలిగించు విషయమునకు వచ్చితిమి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరందఱెఱుగుదురు. అమెరికాలో ఆయన నడపిన ప్రయోగశాలనుండి ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధులైన మందులును వెలువడినవి. ఆ కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేట్ నేడు కీళ్లవాతమునకు లోకమంతట వాడబడుచున్నది. అద్భుతమైన మందు. కాని కీళ్లవాతమునకు దానిని వారమునకు ఒక్కదినము మాత్రమే వాడవలెను. దినదినము వేసికొన్నచో నోరు పూసి, ఎముకలలోని మూలుగ ఎండి, రక్తకణములు నశించి ప్రాణము పోవును. ఈ పొరపాటు అనేక దేశములలో జరిగినది, జరుగుచునే యున్నది. తెలుగువాని మేధస్సునకు ఋణపడిన యీ మందు తెలుగు పల్లెలోని అవ్వచేతికి వచ్చునపుడు దాని స్ట్రిప్పుపై "వారమున కొక్కసారి" యను మాట ఆమె చదువుకొను లిపిలో నుండదు. ఇంగ్లీషున సన్నని యక్షరములలో నుండును. దుకాణములో కాగితపు సంచిమీద కలముతో నొక గీత గీసి యిత్తురు. ఆ గీతకు దినమని యర్థమా, వారమని యర్థమా? సబ్బుబిళ్ల పొట్లముపై తెలుగు వ్రాసి విక్రయింప నేర్చిన వ్యాపారము, ప్రాణము తీయగల బిళ్లపై వ్రాయలేకపోవుటకు కారణము మాకు గోచరింపకున్నది. సబ్బుకు కొనువాని మనసు కావలెను. మందుకు అతని జేబు చాలును.

ప్రజల భాషలో పరిపాలన జరుగవలెనని ఉద్యమములు నడపిన జాతి మనది. ఆ కోరికను మందుల స్ట్రిప్పు వఱకు తీసికొనిపోవలసి యున్నది. కనీసము ముప్పు గల మందులకైనను, దుకాణములో అంటించు తెలుగు చీటి యొకటి, మందు పేరు, దేనికి, ఎన్నడు, ఎన్నాళ్లు అను నాలుగు పంక్తులతో నుండవలెను. మందు ఇచ్చునపుడు వాడు విధమును రోగికి బోధింపవలెనని 2015 నాటి ఫార్మసీ నిబంధనలలోనే యున్నది. బోధించుట తెలుగుననే గదా జరుగవలెను. క్రొత్త చట్టము అక్కఱలేదు. ఉన్నదానిని నడిపించినచో చాలును. శాసనసభ్యులు వోట్లకై వచ్చినపుడు రోడ్డును, నీటిని అడిగినట్లే దీనిని గూడ అడుగుడు.

అమెరికాలో 2007 నుండి 2009 వఱకు లెక్కించి చూడగా, మందుల వికటించి అత్యవసరముగ ఆసుపత్రిలో చేరిన అఱువదియైదేండ్ల పైబడినవారిలో సుమారు మూడింట రెండువంతుల మంది నాలుగు తెగల మందుల వలననే చేరిరి. రక్తము గడ్డకట్టకుండ వాడు వార్ఫరిన్, ఇన్సులిన్, ఆస్పిరిన్ వంటి బిళ్లలు, చక్కెరవ్యాధి మాత్రలు. వింతమందులు కావు. మన డబ్బాలలో నున్నవే. అక్కడ లెక్కయున్నది గనుక తెలిసినది. మన దేశమున 2010లో ప్రారంభమైన ఔషధ దుష్ఫలితముల నమోదు కార్యక్రమము కలదు. 1800-180-3024 అను నంబరునకు ఉచితముగ ఎవరైనను, రోగియైనను, తెలుపవచ్చును. ఈ సభలో ఆ నంబరు ఇదివఱకు విన్నవారు చేయెత్తుడన్నచో, ఇద్దఱే యెత్తిరి. అందొకరు మందుల దుకాణదారులు.

మా మాటలు విని నేటిరాత్రియే డబ్బా నెత్తి పెంటకుప్పపై పోయుదురేమోయని భయము కలుగుచున్నది. అట్లు చేయరాదు. కొన్ని మందులను చటుక్కున ఆపుట వాడుటకంటె ప్రమాదము. గుండెవేగము తగ్గించు మాత్రలు, స్టెరాయిడ్లు, మూర్ఛమందులు, చిరకాలము వాడిన నిద్రమాత్రలు మెట్లుమెట్లుగ తగ్గింపవలెను. తెలంగాణములో కల్లులో నిద్రమందు కలుపు దురాచారము మీరెఱిగినదే. 2015లో ఆ కల్తీకల్లు ఒక్కసారిగ దొరకకపోగా, దానికలవాటుపడినవారు వెఱ్ఱిచేష్టలతోను, మూర్ఛలతోను ఆసుపత్రులకు వరుసగట్టిరి. ఏ మందని తెలియకయే త్రాగి, ఏ మందని తెలియకయే మానినవారి గతి అది. మన యింటి పెద్దలు కల్లు త్రాగకున్నను, నిద్రమాత్రను పదేండ్లు వేసికొన్నచో వారి మెదడునకు ఆ భేదము తెలియదు.

కావున మేము కోరునది కొంచెమే. ప్రతి యింట ఒకరు, కొడుకో కోడలో మనుమరాలో, పెద్దల మందుల పట్టిక నొకటి తెలుగున వ్రాసి గోడకు తగిలింపవలెను. ఆరు నెలల కొకసారి డబ్బా మొత్తమును ఒక్క వైద్యుని యెదుట పోసి, "వీనిలో ఇక నక్కఱలేనిది ఏది?" యని యడుగవలెను. క్రొత్త బాధ యేది పుట్టినను, క్రొత్త మందుకు ముందు, ఇటీవల ప్రారంభించిన పాతమందు కారణమా యని ప్రశ్నింపవలెను. కొందఱు వైద్యులకు ఈ ప్రశ్న రుచింపదు, మేమెఱుగుదుము. మంచివారు మాత్రము సంతోషింతురు. వారికిని ఆ డబ్బా యెన్నడును పూర్తిగ కనబడలేదు.

వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఈ మందిరముననే అట్టి కార్యము మొదలుపెట్టదలచితిమి. మీదట చెప్పిన వైద్యురాలు రుసుము లేక కూర్చుండుట కంగీకరించిరి. ఇద్దఱు ఫార్మసీ విద్యార్థులు పట్టికలు తెలుగున వ్రాసి యిత్తురు. నడువలేని పెద్దలకై రెండు ఆటోలు ఏర్పాటు చేసితిమి. చందాలింకను కొంత తక్కువపడినవి, కార్యదర్శి గారి వద్ద రసీదు పుస్తకమున్నది. వచ్చువారు చీటీలు మాత్రమే గాక డబ్బాను డబ్బాగనే తేవలెను. కత్తిరించిన స్ట్రిప్పుల ముక్కలను, పేరులేని పొడి పొట్లములను, నిరుడు మానివేసినవానిని గూడ వదలక తెమ్మని ప్రార్థన. రక్తపరీక్ష కాగితమున్నచో అదియు, లేనిచో పెద్దల వయస్సును, బరువును ఒక కాగితముపై వ్రాసి తెచ్చినను చాలును.